‘మేం’ అంటే ఎవరు?

మొగుడూ పెళ్ళాలు పోట్లాడుకోవటానికి ఈ లోకంలో కారణాలు చాలవన్నట్టు, మన భాష ఇంకో కారణాన్ని ఊరికే ఇచ్చింది. ‘మనం’ అనే మాట ఒకటి, ‘మేం’ అనే మాట ఒకటి. మనం అంటే నువ్వూ నేనూ. మేం అంటే నేనూ ఇంకెవరో, వింటున్నవాడు మాత్రం కాదు. ఈ రెండో మాట పదకొండేళ్ళుగా బైండరు గుండెలో ముల్లులా దిగబడి ఉంది.

బైండరు అంటే పుస్తకాలు కుట్టి అట్టలు వేసే మనిషి. వీధి మలుపులో చిన్న కొట్టు అతనిది. చెయ్యి మంచిది, మాట మంచిది, అప్పగించిన పని చెప్పిన రోజుకి ఇస్తాడు. ఓర్వలేనితనం మాత్రం పుట్టెడు ఉంది. అది బయటికి కనిపించదు కాబట్టి వీధిలో అందరూ అతన్ని శాంతస్వభావుడు అనుకుంటారు. అతని భార్య రైలు వంతెనలు పరీక్షించే ఇంజనీరు. ఆమెని వీధివాళ్ళు వంతెనలమ్మ అంటారు. పెళ్ళికి ముందు రెండేళ్ళపాటు ఆమె ఊరూరా తిరిగింది. వంతెన దూలాలని బిగించే ఇనప మేకుల్లాంటి రివెట్లను సుత్తితో ఒక్కొక్కటే కొట్టి, ఆ చప్పుడు విని, ఏది గట్టిగా ఉందో ఏది వదులైందో పుస్తకంలో రాసుకోవటం ఆమె పని. పెళ్ళయ్యాక ఆఫీసులో కూర్చుని, ఇతరులు రాసుకొచ్చినవి సరిచూస్తోంది. బైండరు సంగతి వేరు. అతను రైల్లో ఒక్క రాత్రి కూడా పడుకున్నవాడు కాడు.

ఇంట్లో వండుకు తిన్నన్నాళ్ళూ ఏ పేచీ లేదు. బయట తినడానికి వెళ్తేనే తంటా. ఒక ముద్ద నోట్లో పడగానే ఆమెకి ఏదో ఊరు గుర్తొస్తుంది. “ఇలాంటి చేప మేం ఒకసారి నది ఒడ్డున తిన్నాం” అంటుంది. “ఇంతకంటే మెత్తటి రొట్టె మేం ఒక స్టేషను బయట తిన్నాం” అంటుంది. ఆమె కళ్ళు ఎక్కడో ఉంటాయి, ముఖం వెలిగిపోతూ ఉంటుంది. బైండరు నోట్లోని ముద్ద మాత్రం అటూ ఇటూ కాకుండా ఆగిపోతుంది. మేం అంటే ఎవరని అడగటానికి నామోషీ. అడక్కపోతే తిన్నది అరగదు. ఇలాగే పదకొండేళ్ళు గడిపాడు మహానుభావుడు.

అనుమానమంతా ఒకే ఒక్క మనిషి మీద. ఆ రోజుల్లో ఆమెతోపాటు వంతెనలు తిరిగినవాళ్ళకి పైఅధికారి ఒకాయన ఉండేవాడు. అందరూ ఆయన్ని పొడుగాయన అనేవాళ్ళట. వంతెన కింద దూలాలకి నెత్తి కొట్టుకోకుండా ఆయనకి ఒక్క రోజూ గడిచేది కాదని పెళ్ళయిన కొత్తలో ఆమె నవ్వుతూ చెప్పింది. బైండరు కూడా నవ్వాడు. నవ్వి, లోపలికి వెళ్ళి అద్దం ముందు నిలబడ్డాడు. ఆ అద్దం గోడకి కొట్టింది ఆమే, తన ఎత్తుకి తగ్గట్టు. అందులో అతనికి తన కళ్ళూ నుదురూ జుట్టూ తప్ప ఇంకేమీ కనబడలేదు. ఆ రోజు నుంచి పొడుగుగా ఉన్నవాడెవడు కొట్టుకొచ్చినా అతనికి ఒళ్ళు మండేది. ఆ పాపానికి ఒక లెక్కల మాస్టారు రెండేళ్ళపాటు అందరికంటే ఆలస్యంగా పుస్తకాలు తీసుకెళ్ళాడు.

పోనీ అంతటితో ఆగిందా అంటే, అదీ లేదు. పెళ్ళయిన ఏడాదికి, ఆమె వంతెనల పుస్తకాలు మూడూ చిరిగిపోతుంటే బైండరు ముచ్చటపడి గట్టి అట్టలు వేసిపెట్టాడు. బైండరు చేతికొచ్చిన పుస్తకాన్ని చదవడు, పేజీ నంబర్లు మాత్రం చూసుకుంటాడు. అది అతని గురువు నేర్పిన నియమం, అతను ఏనాడూ తప్పలేదు. కానీ రెండో పుస్తకం విప్పుతున్నప్పుడు మధ్యలోంచి ఒక చీటీ జారిపడింది. ఏదో హోటలు వంటగదికి పంపే చీటీ. ‘సూపు రెండు, రొట్టె రెండు’ అని ఉంది. చీటీ పుస్తకం కాదు కదా అని చదివాడు. చదివి, జారిన చోటే మళ్ళీ పెట్టి కుట్టేశాడు. ఆ సాయంత్రం వేలికి రెండుసార్లు సూది గుచ్చుకుంది.

మధ్యలో బైండరు అక్కయ్య ఒకసారి చుట్టపుచూపుగా వచ్చింది. ముగ్గురూ కలిసి బయట తిన్నారు. వంతెనలమ్మ చెయ్యి కడుక్కోవటానికి లేవగానే అక్కయ్య తమ్ముడి చెవి దగ్గరికి వంగింది. “మీ ఆవిడ మేం మేం అంటుందే, ఎవర్రా ఆ మేం?” అని అడిగింది. “స్నేహితులక్కా” అన్నాడు బైండరు. “ఆహా” అంది అక్కయ్య. ఆ ‘ఆహా’ పుండు మీద కారం చల్లినట్టు పనిచేసింది. ఆ తర్వాత నెలరోజులు బైండరు బయట తిండి ఊసెత్తలేదు.

ఇలా ఉండగా నాలుగు రోజుల కిందట ఆఫీసులో వంతెనలమ్మకి ఒక కాగితం ఇచ్చారు. ఆ పాత దారిలోని వంతెనలనే మళ్ళీ పరీక్షించాలి, ఆరు వారాల పని, వాటి సంగతి తెలిసినవాళ్ళు కావాలి, వస్తావా రావా సోమవారం పొద్దుటికల్లా చెప్పమని. ఆమె ఆ కాగితం తెచ్చి బైండరు ముందు పెట్టి “ఏమంటారు?” అంది. “నీ ఇష్టం” అన్నాడు. నీ ఇష్టం అనే మాటకి ఎన్ని అర్థాలైనా ఉండొచ్చు గాక, నాకు ఇష్టం లేదన్నదే అందులో అసలైన అర్థం. అది ఆమెకీ తెలుసు. కాగితం మడిచి సంచీలో పెట్టుకుంది.

ఆదివారం నాటికి బైండరు ఒక నిర్ణయానికొచ్చాడు. ఈ మధ్యాహ్నం బయట భోజనానికి తీసుకెళ్ళాలి. నెమ్మదిగా, నవ్వుతూ, వెళ్ళొద్దని చెప్పాలి. ఇంట్లో చెబితే గొడవవుతుంది. హోటల్లో నలుగురి మధ్య ఆమె గట్టిగా మాట్లాడదు. ఏం చెప్పాలో పొద్దున్నుంచీ వల్లె వేసుకున్నాడు. ఇంటి పనులు, అతని నడుంనొప్పి, వానాకాలం, అన్నీ వరసగా పేర్చుకున్నాడు. అసలు కారణం మాత్రం అందులో లేదు.

బస్సు డిపో ఎదురుగా మేడ మీద కొత్తగా తెరిచిన హోటలు అది. పన్నెండు బల్లలు, కిటికీలకి నీలం తెరలు. చెవి వెనక పెన్సిలు పెట్టుకున్న సర్వరు ఎదురొచ్చి “ఎంతమం…” అంటుండగానే వంతెనలమ్మ “ఇద్దరం” అంది. ఎప్పటిలాగే మూల బల్ల ఎంచుకుంది, ఎప్పటిలాగే గుమ్మానికి ఎదురుగా కూర్చుంది, ఎప్పటిలాగే తన సంచీని ఎదుటి కుర్చీలో పెట్టింది. ఆ సంచీ తీసి కింద పెట్టి బైండరు కూర్చున్నాడు. తను కూర్చోవలసిన కుర్చీలో ఆ సంచీ తనకంటే ముందు కూర్చోవటం అతనికి పెళ్ళయిన కొత్త నుంచీ చిరాకే. పక్కన ఇంకో కుర్చీ ఖాళీగానే ఉంటుంది, అందులో పెట్టొచ్చు కదా. ఈ మాట కూడా అతను ఏనాడూ పైకి అనలేదు.

ముందు బఠానీ సూపు వచ్చింది. పైన వెల్లుల్లి కాస్త మాడేదాకా వేయించి చల్లారు. వాసన బాగుంది. బైండరు గొంతు సవరించుకుని, నడుంనొప్పితో మొదలుపెడదామా వానాకాలంతోనా అని ఆలోచిస్తున్నాడు. అంతలో వంతెనలమ్మ ఒక చెంచా నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుంది. బైండరు తన చెంచా కింద పెట్టేశాడు. ఏం రాబోతోందో అతనికి తెలుసు.

“ఇదే సూపు మేం తొమ్మిది రోజులు తాగాం” అంది.

చేప ఒక్క పూట. రొట్టె ఒక్క పూట. ఇదేమో తొమ్మిది రోజులు. బైండరు చెవులు వేడెక్కాయి.

“తొమ్మిది రోజులా?”

“ఆఁ. నది పొంగి వంతెన పని ఆగిపోయింది, ఊళ్ళోంచి కదలటానికి లేదు. స్టేషను ఎదురుగా ఒక పెద్దావిడ భోజనాల గది నడిపేది. రోజూ సాయంత్రం ఇదే సూపు. వెల్లుల్లి అచ్చం ఇలాగే మాడ్చేది.”

“బాగా గుర్తుందే.”

“నాలిక మర్చిపోదు కదండీ” అంటూ ఇంకో చెంచా తాగింది. ఆ ముఖంలో ఆ వెలుగు ఉంది చూశారూ, పదకొండేళ్ళలో తను వండిపెట్టినప్పుడు గానీ కొనిపెట్టినప్పుడు గానీ అది వచ్చిందా అని బైండరు వెతుక్కున్నాడు. గుర్తు రాలేదు. వల్లె వేసుకున్నదంతా ఎగిరిపోయింది.

“నువ్వు వెళ్ళొద్దు” అన్నాడు.

“ఎక్కడికి?”

“ఆ వంతెనలకి.”

“నీ ఇష్టం అన్నారుగా.”

“అన్నాను. అబద్ధం.”

సర్వరు వచ్చి “సూపు బాగుందాండీ?” అన్నాడు. “బాగుంది” అన్నారు ఇద్దరూ ఒకేసారి, అవసరమైన దానికంటే గట్టిగా. అతను నీళ్ళగ్లాసులు నింపి, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

“ఎందుకు వెళ్ళొద్దో చెప్పండి” అంది వంతెనలమ్మ.

“పొడుగాయన కూడా వస్తున్నాడా?”

నోరు జారింది. ఇక వెనక్కి తీసుకోవటానికి లేదు. ఆమె కనుబొమలు ముడిపడ్డాయి.

“ఏ పొడుగాయన?”

“ఎంతమంది ఉన్నారేంటి?”

“మా పాత ఆఫీసరా? ఆయన రిటైరై ఏడేళ్ళయింది. ఆయనెందుకొచ్చాడు మధ్యలో?”

“మధ్యలో రాలేదు. మొదట్నుంచీ ఉన్నాడు” అన్నాడు బైండరు. గొంతు తగ్గించాలనుకున్నాడు గానీ తగ్గలేదు. “చేప మేం తిన్నాం. రొట్టె మేం తిన్నాం. తొమ్మిది రోజులు సూపు మేం తాగాం. మేం అంటే ఎవరు? నువ్వూ ఇంకెవరు?”

వంతెనలమ్మ చెంచా కింద పెట్టింది. రివెట్టు చప్పుడు వినేటప్పుడు పెట్టే ముఖం పెట్టి, తల కాస్త పక్కకి వంచి అతని వైపు చూసింది.

“ఎన్నాళ్ళ నుంచి ఉంది ఇది మీ మనసులో?”

“చేప దగ్గర్నుంచి.”

“అది పెళ్ళయిన మూడో నెల.”

“అవును.”

ఆమె నవ్వలేదు. నవ్వుంటే అతను లేచి వెళ్ళిపోయేవాడే. “పొడుగాయనకి కడుపులో పుండు” అంది నెమ్మదిగా. “బయట మెతుకు ముట్టేవాడు కాదు. గదిలో స్టవ్వు మీద గంజి కాచుకుని తాగేవాడు. మా జట్టులో మిగతా ఇద్దరూ ఆయన గదిలోనే వండుకుని, పేకాడుకునేవాళ్ళు. నన్ను రమ్మనటానికి వాళ్ళకి మొహమాటం, వెళ్ళటానికి నాకు మొహమాటం. అందుకని నేను బయట తినేదాన్ని.”

“ఎవరితో?”

“ఎవరితోనూ కాదు.”

“రెండు సూపులు, రెండు రొట్టెలు” అన్నాడు బైండరు. “నీ రెండో పుస్తకంలో చీటీ ఉంది. కుట్టేటప్పుడు జారిపడింది.”

“బైండరు చదవకూడదంటారుగా.”

“పుస్తకం చదవలేదు. చీటీ చదివాను.”

వంతెనలమ్మ కింద ఉన్న తన సంచీ వైపు చూసింది. తర్వాత కిటికీ వైపు చూస్తూ చెప్పింది. ఉద్యోగంలో చేరిన మొదటి వారం, ఒక ఊళ్ళో హోటలుకి వెళ్తే, సర్వరు గుమ్మంలోనే “ఒక్కరేనా?” అని కేకేసి అడిగాడు. గదిలో ఉన్నవాళ్ళందరూ తలెత్తి చూశారు. ఆమె కూర్చున్న రెండు నిమిషాలకి ఒకడు తన పళ్ళెం పట్టుకుని, అడగకుండా వచ్చి, ఎదుటి కుర్చీలో కూర్చున్నాడు. తిన్నంతసేపూ వాడు ఆమెని చూస్తూనే ఉన్నాడు. ఆమె సగం తిని లేచి వచ్చేసింది. మర్నాటి నుంచి ఎవరు అడిగేలోపే “ఇద్దరం” అనటం మొదలుపెట్టింది. ఇంకొకరు వస్తున్నారని ఎదుటి కుర్చీలో సంచీ పెట్టేది. ఎవరైనా తన బల్ల వైపు వస్తుంటే ముందే కనబడాలని గుమ్మానికి ఎదురుగా కూర్చునేది.

“ఇద్దరం అన్నాక ఇద్దరికీ చెప్పాలి కదండీ. ఒకటి తినేదాన్ని. రెండో రొట్టె కాగితంలో చుట్టుకుని, రెండో సూపు ఫ్లాస్కులో పోసుకుని పొద్దున వంతెన మీద తాగేదాన్ని. రెండేళ్ళు అలా అనీ అనీ నోటికి అలవాటైపోయింది. ఏ ఊరు గుర్తొచ్చినా మేం అనే వస్తుంది. నేనొక్కదాన్నే కూర్చుని తిన్నాను అని చెప్పుకోవటం ఎందుకో బాగుండదు.”

బైండరు కాళ్ళ దగ్గరున్న సంచీని చూశాడు. తోలు సంచీ, అంచులు అరిగిపోయాయి, పిడి ఒకసారి అతనే కుట్టాడు. ఇన్నాళ్ళూ తను కళ్ళల్లో నిప్పులు పోసుకుంది దీని మీదా అనుకున్నాడు. సిగ్గేసింది. కడుపులో మంట చల్లారాలి కదా, న్యాయంగా. కానీ పదకొండేళ్ళు అద్దె కట్టకుండా కూర్చున్న ఓర్వలేనితనం ఒక్క మాటతో ఇల్లు ఖాళీ చేసి పోదు. అది వెళ్తూ వెళ్తూ ఇంకో గది తలుపు తట్టింది.

“ఆ పెద్దావిడ నమ్మిందా?”

“మూడు రోజులు నమ్మింది. నాలుగో రోజు నుంచి, మీవారు ఇవాళ కూడా రాలేదా అమ్మా, అని అడగటం మొదలెట్టింది. రైళ్ళు లేవు కదా అనేదాన్ని. తొమ్మిదో రోజు ఒకటే గిన్నె తెచ్చింది. నా సంచీ తీసి కింద పెట్టి, ఆ కుర్చీలో తనే కూర్చుంది. రాకపోతే పోనీలే, ఆ మనిషి ఎలా ఉంటాడో చెప్పు, వింటాను అంది.”

“ఏం చెప్పావు?”

“ఏదో చెప్పాను.” ఆమె సూపు గిన్నెలోకి తల వంచింది.

“ఏదో అంటే?”

“నెమ్మదైనవాడని. చేతిపని తెలిసినవాడని. నేను చెప్పింది వింటాడని.”

బైండరు ఛాతీ కొంచెం ముందుకొచ్చింది. ఇంతవరకూ బాగానే ఉంది. ఇక్కడితో ఆపితే సరిపోయేది. కానీ ఆపటం అతని వల్ల ఎప్పుడవుతుంది?

“చూడటానికి ఎలా ఉంటాడన్నావు?”

ఆమె చెంచాతో సూపు కలపసాగింది.

“చెప్పు.”

“పొడుగ్గా” అంది వంతెనలమ్మ.

బైండరు చేతిగుడ్డ మడిచి బల్ల మీద పెట్టాడు. పదకొండేళ్ళు ఒక పొడుగాయన మీద కుళ్ళుకుంటే, ఆయన గంజి తాగే రోగిష్టి అని తేలింది. తేలి గట్టిగా అయిదు నిమిషాలు కాలేదు, పుట్టనే పుట్టని ఇంకో పొడుగాయన వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు. వీడికి కడుపులో పుండు ఉండదు. వీడికి నడుంనొప్పి రాదు. వీడు రిటైరు కాడు.

“అప్పటికి మిమ్మల్ని చూడలేదుగా” అంది ఆమె.

“చూశాక మార్చొచ్చుగా.”

“ఎక్కడ మార్చనండీ? ఆవిడ ఎక్కడ, నేనెక్కడ?” అని, సంచీ అందుకుని అందులోంచి ఆఫీసు కాగితం తీసి బల్ల మీద పెట్టింది. “మీరు ఇంత కష్టపడక్కర్లేదు. నేను రానని రాసిద్దామనే అనుకున్నాను, మీరు చెప్పకముందే. చూడండి.”

కాగితం అడుగున, సంతకం చెయ్యవలసిన చోట, పెన్సిలుతో ‘రాలేను’ అని ఉంది. బైండరు కోరుకున్నది అదే. నాలుగు రోజులుగా తిండి సయించక కోరుకున్నది అదే.

“ఎందుకు?” అన్నాడు.

“వంతెనల మీదికి వెళ్ళాలనే ఉంది. ఆ చప్పుడు మళ్ళీ వినాలనీ ఉంది. పగలంతా బాగుంటుంది. భోజనం వేళయ్యేసరికే…” ఆమె ఆగింది. “ఆరు వారాలు ప్రతి పూటా ఇద్దరం ఇద్దరం అని చెప్పటం ఇక నా వల్ల కాదండీ. అప్పుడంటే వయసులో ఉన్నాను.”

సర్వరు అన్నం, కూర తెచ్చి పెట్టాడు. సూపు గిన్నెలు తీయబోతే బైండరు తనది ఆపాడు. అందులో సగం అలాగే ఉంది, చల్లారిపోయింది. అయినా తాగాడు. మాడిన వెల్లుల్లి అడుగున పడి ఉంది. తొమ్మిది రోజులు ఊరు కాని ఊళ్ళో, సంచీకి ఎదురుగా కూర్చుని ఈమె ఇదే తాగింది. ఆ కుర్చీలో ఎవరో ఉన్నారని ఇన్నాళ్ళూ ఏడ్చాడు. ఎవరూ లేరంటే ఇప్పుడు ఇంకా ఏడుపొస్తోంది. గ్లాసులో నీళ్ళన్నీ తాగేశాడు.

“ఆ పెద్దావిడ ఇంకా ఉంటుందా?” అన్నాడు కాసేపటికి.

“ఉండొచ్చు. గట్టి మనిషి.”

“నువ్వు వెళ్తే అడుగుతుంది, మీవారు రాలేదా అని.”

“అడుగుతుంది.”

బైండరు బొటనవేలి గోరు మీద ఎండిన జిగురు గీకుతూ కూర్చున్నాడు. “బడి పుస్తకాల పని వచ్చే నెలాఖరుకి గానీ రాదు” అన్నాడు గోరుతోనే మాట్లాడుతున్నట్టు. “ఆరు వారాలు కొట్టు మూయటం కుదరదు. కుదరదంతే.”

“నేనేమీ అడగలేదే.”

“తొమ్మిది రోజులు కుదురుతుంది.”

వంతెనలమ్మ అతన్ని చూసింది. అన్నం కలుపుతున్న చెయ్యి ఆగింది. అతను మాత్రం తలెత్తలేదు, అతని బాధ ఇంకా తీరలేదు.

“కుదిరి మాత్రం ఏం లాభం? పొడుగ్గా ఉంటాడని చెప్పి చచ్చావు. నన్ను చూడగానే గుమ్మంలోనే పట్టేస్తుంది.”

ఆమె ఎడమచేత్తో కాగితం తన వైపు లాక్కుని, కుడిచెయ్యి తుడుచుకుని, సర్వరుని పిలిచి అతని చెవి వెనక ఉన్న పెన్సిలుకి వెనకాల రబ్బరుందేమో అడిగి తీసుకుంది. ‘రాలేను’లో ‘లే’ని జాగ్రత్తగా చెరిపి, ‘గల’ అని రాసింది. కాగితం సంచీలో పెట్టి, ఆ సంచీని తన ఒళ్ళోనే పెట్టుకుంది.

“మనం ముందే వెళ్ళి కూర్చుందాం” అంది. “కూర్చుంటే ఎవరికి తెలుస్తుంది?”